వకీలమ్మ ఇంటి పట్టు తివాచీ

నా చిన్నప్పుడు మా మేనత్త చేతులకు వెన్న రాసే పని నాది. పట్నం నుంచి ఆమెకు కబురు వచ్చిందంటే, బయలుదేరే ముందు రోజు మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని రెండు చేతులూ నా ఒళ్ళో పెట్టేది. వేళ్ళ చివర్లు, గోళ్ళ పక్కన లేచిన చర్మం, అరచేతి గీతలు, ఎక్కడా గరుకు మిగలకూడదు. గరుకు చెయ్యి తగిలితే పట్టు పోగు లేస్తుందని, అది పరాయి వాళ్ళ సొత్తు అని చెప్పేది. మర్నాడు పొద్దున్నే ఆ జిడ్డు కూడా ఉండకుండా కుంకుడు రసంతో కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని, బస్సు కోసం నడిచేది.

పట్టు తివాచీలు చూడటం ఆమె పని. చూడటం అంటే, ఫలానా తివాచీ అసలు పట్టుదా కాదా, చేత్తో ముడులు వేసి నేసిందా యంత్రం మీద వచ్చిందా, నిజంగా పాతదా, లేక టీ నీళ్ళలో ముంచి ఎండబెట్టి పాతదానిలా చేశారా, ఇవన్నీ తేల్చి చెప్పడం. ఆమె వరంగల్లులో తివాచీలు నేసే ఇంటికి కోడలుగా వెళ్ళింది. అత్తగారే మగ్గం ముందు కూర్చోబెట్టి ముడి వేయడం నేర్పిందట. పెళ్ళయిన కొన్నేళ్ళకే మామయ్య విషజ్వరంతో పోతే, మా నాన్న వెళ్ళి చెల్లెలిని తీసుకొచ్చాడు. ఆమె వెంట ఒక పెట్టె, ఆ చేతులు వచ్చాయి. ఆబిడ్స్‌లో తివాచీల దుకాణం నడిపే ఒక పెద్దాయన ఆమె మాట మీద ఎంత నమ్మకం పెట్టుకున్నాడంటే, ఖరీదైన సరుకు ఏది వచ్చినా ఆమె చెయ్యి పడనిదే కొనేవాడు కాదు.

మేముండేది కొత్తగూడలో. ఇప్పుడు ఆ పేరు చెబితే ఫ్లైఓవరు, దాని కింద ఎప్పుడూ హారన్లు మోగించే బండ్లు గుర్తొస్తాయి. అప్పుడది బండరాళ్ళ మధ్య ఒక పల్లె. జొన్నచేలు, సీతాఫలం పొదలు, దుమ్ము బాట. మా నాన్న ఆ పక్క బడిలో పంతులు.

ఊరికి అవతల, గుట్ట దాటాక, జామతోట మధ్యలో ఒక పెద్ద పెంకుటిల్లు ఉండేది. పట్నంలో పేరున్న వకీలు ఒకాయన ఎప్పుడో కట్టించుకున్నది. నాకు ఊహ తెలిసేసరికే ఆయన పోయాడు. పిల్లలు లేరు. ఆయన భార్య ఒక్కతే పనివాళ్ళతో అక్కడ ఉండేది. ఊరంతా ఆమెను వకీలమ్మ అనేవాళ్ళు. మనిషి పొడగరి, మాట గట్టిది. జామకాయలు ఎన్ని కోసుకున్నా ఏమీ అనేది కాదు కాని, కొమ్మ విరిచిన పిల్లలను మాత్రం పిలిచి నిలబెట్టి, విరిచావా లేదా అని అడిగేది. లేదని బొంకితే తోటలోకి మళ్ళీ రానిచ్చేది కాదు. విరిచానని ఒప్పుకుంటే ఇంకో కాయ ఇచ్చి పంపేది. తన భర్త నోట ఏనాడూ అబద్ధం రాలేదని, ఆ ఇంట్లో అబద్ధానికి చోటు లేదని అందరితోనూ అనేది. ఆమెకు ఆ మాట అనడమే ఒక సంతోషం అనుకుంటాను.

ఆ ఏడాది ఆ తోట, ఇల్లు అమ్ముడుపోయాయి. వకీలమ్మ పట్నంలో తన చెల్లెలి ఇంటికి వెళ్ళిపోతున్నదని ఊళ్ళో అనుకున్నారు. ఆమె బావగారి కొడుకు ఒకాయన వచ్చి సామాను సర్దిస్తున్నాడు. సన్నగా, కళ్ళజోడుతో, ఎప్పుడూ తొందరలో ఉన్నట్టు కనిపించేవాడు. ఒకరోజు ఆయన స్కూటరు మా ఇంటి ముందు ఆగింది. మా నాన్నతో చాలాసేపు మాట్లాడాడు. నేను స్తంభం చాటున నిలబడి విన్నాను.

సంగతేమిటంటే, వకీలమ్మ ఇంట్లో పెద్ద గదిలో ఒక పట్టు తివాచీ ఉంది. పెళ్ళయిన కొత్తలో, ఆ ఒంటరి ఇంటికి కాపురానికి రావడానికి ఆమె భయపడుతుంటే, వకీలుగారు కశ్మీరు నుంచి తెప్పించానని చెప్పి పరిచాడట. అప్పటి నుంచి అది ఆమెకు ప్రాణం. సామాను చూడటానికి పట్నం నుంచి వచ్చిన వ్యాపారి ఆ తివాచీ మూల నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూశాడు. అది భగ్గున మండి కాగితంలా బూడిదైంది. పట్టయితే అలా కాలదని, ఇది నకిలీదని చెప్పి, అలమరాలకు మాత్రం బేరం మాట్లాడుకుని వెళ్ళిపోయాడు. వకీలమ్మ ఆ మాట విన్నది. గోడ మీద ఉన్న భర్త పటాన్ని దింపించి పెట్టెలో పెట్టించింది. ఆ రోజు నుంచి సరిగా తినడం లేదు, ఆ గదిలో అడుగు పెట్టడం లేదు. తివాచీని ఎవరికైనా ఇచ్చేయమన్నదట.

చివరికి ఆయన మా అత్త వైపు తిరిగి అన్నాడు. తివాచీని ఆయన గలీచ అనేవాడు.

"గలీచ అసలుదైనా నకిలీదైనా నాకు ఫికర్ లేదమ్మా. చిన్నమ్మ మాట్లాడ్తలేదు. గదే పరేషాన్ ఉన్నది. మీరొక్కసారి వచ్చి చూడున్రి."

అత్త వెంటనే ఒప్పుకోలేదు. ఒకవేళ అది నిజంగానే నకిలీదైతే తాను అదే చెప్పాల్సి వస్తుందని, అప్పుడు ఆ పెద్దావిడకు ఇంకా కష్టమవుతుందని అన్నది. ఆయన, తెలియకుండా కుమిలిపోవడం కంటే అదే నయమన్నాడు. అప్పుడు అత్త సరేనంది.

మర్నాడు బడికి సెలవు. నేను వెంట వస్తానని పట్టుబట్టాను. అత్త నా రెండు అరచేతులూ తిప్పి చూసి, మెత్తగానే ఉన్నాయి, పనికొస్తాయి పద అన్నది. ఆ మాటకు నాకు కలిగిన గర్వం ఇప్పటికీ గుర్తుంది. గుట్ట పక్క బాట మీద ఆమె కంటే ముందు నడిచాను.

ఆ ఇంట్లో సగం సామాను మూటల్లోకి వెళ్ళిపోయింది. వకీలమ్మ వెనక వరండాలో కుర్చీలో కూర్చుని తోట వైపు చూస్తున్నది. మేం వచ్చిన అలికిడికి తల తిప్పలేదు. పెద్ద గదిలో గోడ మీద పటం ఉన్నంత మేర సున్నం తెల్లగా మిగిలి ఉంది. కిటికీల్లోంచి ఎండ తివాచీ మీద పడుతున్నది.

అలాంటి వస్తువును నేను అంతవరకు చూడలేదు. దానిమ్మ గింజల రంగు నేల, చుట్టూ నీలం అంచు, మధ్యలో పూలగుత్తులు, వాటి మధ్య చిన్న చిన్న పిట్టలు. అత్త నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టి చూడమన్నది. తర్వాత చుట్టూ తిప్పి కిటికీ దగ్గర నిలబెట్టి చూడమన్నది. గుమ్మం నుంచి లేత గులాబీలా కనిపించినది కిటికీ వైపు నుంచి చూస్తే చిక్కటి ఎరుపు అయిపోయింది. ఎవరో వచ్చి తివాచీ మార్చేసినట్టు అనిపించింది. పైకి నిలిచిన పోగుల నూగు ఒక వైపుకు వాలి ఉంటుందని, వెలుతురు దాని మీద ఎటు పడితే అటు రంగు మారుతుందని, పట్టుకు ఆ గుణం ఎక్కువని అత్త చెప్పింది. అంతమాత్రాన తేల్చేయకూడదని, నకిలీవి కూడా మెరుస్తాయని వెంటనే కలిపింది.

ఉంగరం తీసి కొంగుకు ముడి వేసుకుంది. గాజులు పైకి తోసుకుంది. మోకాళ్ళ మీద కూర్చుని, తివాచీ అంచును పసిపాప దుప్పటి తిప్పినట్టు తిప్పి, వెనక వైపు చూసింది. వెనక కూడా పిట్టలు, పూలు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఒక్కొక్క ముడి నువ్వుగింజ కంటే చిన్నది. అంచు కుచ్చులు విడిగా తెచ్చి కుట్టినవా, పడుగు దారాలే బయటికి వచ్చినవా అని వేలితో తడిమింది. అరచెయ్యి నూగు మీద పెట్టి గబగబా రుద్ది, నన్ను కూడా అలా చేయమన్నది. నా చెయ్యి కింద అది కొద్దికొద్దిగా వెచ్చబడింది. పిల్లి వీపు మీద చెయ్యి పెట్టినట్టుంది.

తర్వాత నడక వల్ల అరిగిన ఒక చోట నుంచి, ఊడిపోవడానికి సిద్ధంగా ఉన్న పోగు ఒకటి చాలా జాగ్రత్తగా తీసి, అగ్గిపుల్ల గీసింది. పోగు మండలేదు. ముడుచుకుపోతూ మెల్లగా నల్లబడింది. వెంట్రుక కాలిన కమురు వాసన వచ్చింది. చివర మిగిలిన నల్లటి పూసను వేళ్ళ మధ్య నలిపితే పొడి అయిపోయింది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న కళ్ళజోడు ఆయన ముందుకు వచ్చాడు. మొన్న తన కళ్ళ ముందే కాగితంలా కాలిందని, ఇవాళ ఇలా ఎందుకు కాలుతుందని అడిగాడు. ఆయన గొంతులో అనుమానం కంటే ఆశే ఎక్కువ ఉంది. ఆ వ్యాపారి పోగు ఎక్కడి నుంచి తీశాడని అత్త అడిగింది. ఆయన అటూ ఇటూ చూసి, ఏదో మూల అని తెలుసు కాని ఏ మూలో గుర్తులేదన్నాడు. అప్పుడు గదిలో అలమరాలు, బల్లలు అన్నీ ఉండేవట. అన్నీ తీసేశాక గది ఆనవాలే మారిపోయింది.

అత్త నన్ను దగ్గరకు పిలిచి, కళ్ళకు తన కొంగు కట్టి, నా చేతిని తివాచీ మీద నడిపించింది. కళ్ళు మూసుకుంటే చేతికి చూపు వస్తుందని ఎప్పుడూ అనేది. నా వేళ్ళు అంచు వెంట మెల్లగా వెళ్ళాయి. మెత్తదనం, వెచ్చదనం, మళ్ళీ మెత్తదనం. ఒక మూల దగ్గరకు వచ్చేసరికి ఏదో తేడా తగిలింది. అక్కడ నునుపు ఎక్కువ. రుద్దితే వేడెక్కలేదు, తడిసి ఆరిన గుడ్డలా చల్లగానే ఉంది. నా అరచెయ్యి పట్టేంత మేర, అంతే. దాటితే మళ్ళీ మామూలే.

దొరికిందని చెప్పడానికి నోరు తెరిచాను. అత్త నా చేతిని గట్టిగా నొక్కింది. ఆగమన్నట్టు. నేను ఆగిపోయాను. కొంగు విప్పాక చూస్తే ఆమె ముఖంలో ఏ భావమూ లేదు. లేచి నిలబడి, ఆయనతో నేను ఊహించని మాట అన్నది.

"నాకు సమజ్ అయితలేదు సారూ. అమ్మను జర రమ్మనున్రి. ఆమె చెయ్యి కావాలె."

మా అత్త తనకు సమజ్ కాలేదనడం నేనెప్పుడూ వినలేదు. పైగా నాకే తెలిసిపోయినది ఆమెకు తెలియకపోవడం ఏమిటని అయోమయంగా చూశాను. ఆమె నా వైపు చూడలేదు.

వకీలమ్మ రానన్నది. రెండోసారి కబురు పంపితే కూడా రానన్నది. చివరికి అత్తే వరండాలోకి వెళ్ళి, ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చుని ఏదో చెప్పింది. నాకు అన్ని మాటలూ వినిపించలేదు. తాను ఆ తివాచీని ఇవాళే చూశానని, ఆమె ఇన్నేళ్ళు దాని మీద నడిచిందని, తెలిసిన చెయ్యి ఆమెదేనని చెప్పినట్టు గుర్తు. కాసేపటికి వకీలమ్మ లేచి వచ్చింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, గోడ మీద తెల్లగా ఉన్న చోటు చూసి, చూపు తిప్పుకుంది.

"చూసి ఏం చేస్తవమ్మా," అన్నది నిలబడే. "ఆయన చెప్పిన్రు, నేను నమ్మిన. గంతే."

అత్త వాదించలేదు. కూర్చోమని చెయ్యి చూపింది. వకీలమ్మ గోడ పట్టుకుని మెల్లగా దిగి, తివాచీ మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. అంత పెద్ద మనిషి నేల మీద కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. అత్త ఆమె ఎదురుగా కూర్చుని, కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టమంది. ఎక్కడ ఎవరు కూర్చునేవాళ్ళో, ఏం జరిగేదో చెబుతూ ఉండమంది.

మొదట ఆమె చెయ్యి కదిలింది. ఆ చెయ్యి దారి ఎరిగిన చెయ్యి. కాసేపటికి మాటలు మొదలయ్యాయి. ఇక్కడ పండగ రోజుల్లో బంధువుల పిల్లలు వరుసగా పడుకునేవాళ్ళు. ఇక్కడ ఆయన స్నేహితులతో పేకాట ఆడేవాడు, ఓడిపోతే మాటల్లేకుండా లేచిపోయేవాడు. ఇక్కడ తనకు జ్వరం వచ్చినప్పుడు ఆయన మంచం పక్కన కింద కూర్చుని పుస్తకం చదివి వినిపించాడు, అరిగింది అందుకే. చెబుతున్న కొద్దీ ఆమె గొంతు మెత్తబడింది. కోపంగా మొదలుపెట్టిన మనిషి మధ్యలో ఎక్కడో ఆ కోపం మరిచిపోయింది. కళ్ళజోడు ఆయన కూడా గుమ్మం దగ్గర చతికిలబడి వింటున్నాడు. తొందర ఎటు పోయిందో.

ఆమె చెయ్యి ఆ మూలకు వచ్చింది. వేళ్ళు ముందుకు వెళ్ళి, వెనక్కు వచ్చి, మళ్ళీ వెళ్ళాయి. ఆమె కళ్ళు తెరిచింది.

"ఇక్కడ వేరే ఉన్నది," అన్నది.

అప్పుడు అత్త ఆ మూలను తిప్పి వెనక వైపు చూపించింది. అన్ని ముడుల మధ్య అరచేతంత చోట ముడులు కొంచెం బిగువుగా, రంగు కొంచెం వేరుగా కనిపించాయి. ఇది ఎప్పుడో కాలిందని, కాలిన చోట ఎవరో మంచి పనివాడు పడుగు దగ్గర నుంచి కొత్తగా కట్టి, ఒక్కొక్క ముడి వేసి రఫూ చేశాడని అత్త చెప్పింది. ఆ రంగు పట్టు దొరక్క నకిలీ పట్టు దారం వాడాడని, పై నుంచి చూస్తే తనకు కూడా తెలియనంత చక్కగా కలిపాడని మెచ్చుకుంది. వ్యాపారి లాగిన పోగు ఇక్కడిదే. ఆయన పరీక్ష తప్పు కాదని, ఆ పోగు నిజంగా నకిలీదేనని, మిగిలిన తివాచీ అంతా అసలు పట్టేనని కళ్ళజోడు ఆయన వైపు చూసి చెప్పింది.

వకీలమ్మ ఆ మూల వైపే చూస్తూ ఉండిపోయింది. ఆమె ముఖంలో ఏదో వెతుకులాట కనిపించింది. తర్వాత నెమ్మదిగా, మాతో కాకుండా తనలో తాను చెప్పుకుంటున్నట్టు చెప్పింది. ఆ మూల మీద ఒక తిపాయి ఉండేది. చెల్లెలి పెళ్ళికని తాను పుట్టింటికి వెళ్ళి చాలా రోజులు ఉండి వచ్చేసరికి అది అక్కడికి చేరింది. ఎందుకక్కడ పెట్టారని అడిగితే, ఆయన కిటికీ గాలి బాగా వస్తుందన్నాడు. ఆ తర్వాత దాన్ని ఎవరినీ కదపనిచ్చేవాడు కాదు. ఊడ్చే మనిషి ఒకసారి జరిపిందని, ఏనాడూ కేకలేయని మనిషి కేకలేశాడు. ఆయనకు సిగరెట్టు అలవాటు. తివాచీ పాడవుతుందని ఆ గదిలో మాత్రం తాగొద్దని తాను ఒట్టు వేయించుకుంది.

అక్కడ ఆగింది. అంతవరకు ఆయనను 'ఆయన చెప్పిన్రు, ఆయన కూసున్నరు' అంటూ వచ్చిన మనిషి, ఒక్కసారిగా మాట మార్చింది.

"ఒట్టేసిండు. ఒట్టేసి గీడ్నే కూసొని తాగిండు."

ఇంకొంచెం ఆగి, "దొంగ మనిషి," అన్నది.

నవ్వు ఎప్పుడు మొదలైందో నేను చూడలేదు. ముందు భుజాలు కదిలాయి. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళ నుంచి నీళ్ళు కారిపోయాయి. తుడుచుకోవాలని కూడా అనుకోలేదు. భర్త అబద్ధం ఆడాడనే మాట నిజమే అయింది. కాని అది ఆమె భయపడ్డ అబద్ధం కాదు. ఆమె ముచ్చటపడ్డ తివాచీని కాల్చినందుకు హడలిపోయి, ఆమె తిరిగి వచ్చేలోపు పట్నంలో పనివాణ్ణి వెతికి పిలిపించి, అతికించి, పైన తిపాయి పెట్టి, బతికినన్నాళ్ళూ దాన్ని కాపలా కాసిన మనిషి ఆమెకు ఆ మధ్యాహ్నం కొత్తగా దొరికాడు.

నవ్వు తగ్గాక, ఇది కశ్మీరుదే కదా అని అత్తను అడిగింది. అత్త వెంటనే అవునని చెప్పి ఉంటే ఆ పూటకు ఇంకా బాగుండేదేమో. ఆమె మాత్రం ముడిని మళ్ళీ ఒకసారి చూసి తల అడ్డంగా ఊపింది.

"అది నాకు తెల్వదమ్మా. అక్కడ నేసేటోళ్ళను నేను చూడలే. పట్టు మాత్రం పట్టే."

వకీలమ్మ ఆమెను కాసేపు చూసి, తెలియకపోతే పోనీలే అన్నది. ఆ జవాబు ఆమెకు నచ్చిందని నాకనిపించింది. తర్వాత పెట్టెలోంచి భర్త పటం తెప్పించి, గోడకు తగిలించకుండా ఒళ్ళో పెట్టుకుని, అద్దాన్ని కొంగుతో తుడుస్తూ అతన్ని తిట్టడం మొదలుపెట్టింది. మేం వెళ్ళొస్తామని చెప్పినప్పుడు కూడా ఆ తిట్లు సాగుతూనే ఉన్నాయి. కళ్ళజోడు ఆయన తోట చివరి దాకా మా వెంట వచ్చాడు. నా చేతినిండా జామకాయలు పెట్టి వెనక్కు తిరిగాడు.

గుట్ట దాటే దాకా ఆపుకుని, అప్పుడు అడిగాను.

"నీకు ముందుగాలనే ఎర్కనే కదా అత్తా. నాకు దొరికింది కూడ. ఎందుకు చెప్పనియ్యలే?"

అత్త నడక ఆపకుండానే చెప్పింది.

"అది వాళ్ళిద్దరి ముచ్చట బిడ్డా. నడుమల మనమెవరం? మనం చెప్తే వింటది. ఆమె చేతికి దొరికితే నమ్ముతది."

ఆ జవాబు నాకు అప్పుడు సగమే అర్థమైంది. నేను కనిపెట్టినది నేను చెప్పలేకపోయానన్న ఉక్రోషం ఇంటికి చేరేదాకా ఉంది.

వకీలమ్మ ఆ తివాచీని తన వెంట పట్నం తీసుకెళ్ళింది. తిపాయి కూడా తీసుకెళ్ళిందని, దాన్ని మాత్రం వేరే గదిలో పెట్టించి, కాలిన మూల అందరికీ చూపించి ఆ కథ చెప్పేదని తర్వాత ఎప్పుడో విన్నాను. ఆమెను నేను మళ్ళీ చూడలేదు. ఆమె గుర్తుకొచ్చినప్పుడు నాకు జామతోట కంటే ముందు ఆ నవ్వే గుర్తుకొస్తుంది. ఒక మనిషి అలా నవ్వడం మళ్ళీ ఒకసారి చూడాలని ఉంటుంది.

నేను పెరిగాక అత్త పనే నేర్చుకున్నాను. డిగ్రీ చదివించినది దీనికా అని నాన్న కొన్నాళ్ళు అలిగాడు. రఫూ చేయడం, ఉన్ని, నూలు, పట్టు తేడా చేత్తో పట్టడం, పాత రంగుకు కొత్త రంగు కలపడం అత్త దగ్గరే వచ్చాయి. ఆమె చూపు మందగించాక నేను చూసి చెప్పేదాన్ని, ఆమె చేత్తో తడిమి సరిచేసేది. ఆమె చివరి రోజుల్లో మా ఊరి చుట్టూ బండలు పేలుస్తున్నారు. ఆఫీసులు వస్తాయని చెప్పుకునేవాళ్ళు. మోత వినిపించినప్పుడల్లా నా చేతిలో ఉన్న ఆమె చెయ్యి ఉలిక్కిపడేది. నేను నిమిరితే మళ్ళీ నిమ్మళించేది.

ఆ గుట్ట ఇప్పుడు లేదు. వకీలమ్మ ఇల్లు సరిగ్గా ఎక్కడ ఉండేదో నేను చెప్పలేను. కొత్తగూడ నుంచి కొండాపూర్ వైపు పోతుంటే, సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు అటూ ఇటూ చూస్తాను. ఒకసారి ఒక అద్దాల మేడను చూసి ఇక్కడే అనుకుంటాను, ఇంకోసారి ఇంకో మేడను. దారి గుర్తుపట్టడానికి మిగిలిన రాయి కూడా లేదు.

ఇప్పుడు నేను నల్లగండ్లలో నా కూతురి దగ్గర ఉంటాను. ఈ వయసులో కూడా అప్పుడప్పుడు నాకు ఫోన్లు వస్తాయి. కొత్త ఇళ్ళలోకి తివాచీలు కొనుక్కునేవాళ్ళు, కొన్న తర్వాత అనుమానం వచ్చినవాళ్ళు. ఈ మధ్య కోకాపేటలో చాలా ఎత్తున ఉన్న ఒక ఫ్లాటుకు వెళ్ళాను. భార్యాభర్తలిద్దరూ చిన్నవాళ్ళు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, కాకినాడ వైపు వాళ్ళు. గృహప్రవేశానికి ఆ అబ్బాయి భార్యకు చెప్పకుండా పట్టు తివాచీ కొని పరిచాడు. చూసిన స్నేహితులెవరో ఇది పట్టు కాదన్నారట. అప్పటి నుంచి ఆ అబ్బాయికి నిద్ర లేదు. నన్ను లిఫ్టు దగ్గరే పట్టుకుని, ఏదైనా ఉంటే ముందు తనకే చెప్పమని బతిమాలాడు.

లోపలికి వెళ్ళి ఒక్కసారి చెయ్యి పెట్టగానే తెలిసిపోయింది. వెనక తిప్పి చూశాను. ఒక మూలతో సరిపెట్టుకోలేదు, అంతా చూశాను. అంతటా ఒకటే. పట్టు కాదు, పట్టులా మెరిసే విస్కోస్. ఈసారి ఏ కాలిన మూలా లేదు, ఆదుకునే కథా లేదు. అయినా నేను వెంటనే చెప్పలేదు. ఇద్దరినీ దాని మీద కూర్చోమన్నాను. ఆ అమ్మాయిని చేత్తో రుద్ది చూడమని, ఎలా ఉందో చెప్పమని అడిగాను. ఆమె చాలాసేపు చూసి, "మా అమ్మ పట్టుచీరలా వెచ్చబడట్లేదండి," అన్నది. ఆ అబ్బాయి తల వంచుకున్నాడు. అప్పుడు నాకు తెలిసింది చెప్పాను. ఇది పట్టు కాదు. యంత్రం మీద వచ్చిందీ కాదు, ఎవరో కూర్చుని ప్రతి ముడీ చేత్తో వేశారు. ఎక్కడ వేశారో నాకు తెలియదు.

ఆ అమ్మాయి ఏమంటుందోనని నేను కూడా భయపడ్డాను. ఆమె అతని వైపు చూసి, ఇది ఎప్పుడు కొన్నావు, నాకు తెలియకుండా లోపలికి ఎలా తెచ్చావు, ఇవన్నీ అడగడం మొదలుపెట్టింది. అతను తడబడుతూ చెబుతున్నాడు. వాచ్‌మన్‌ను బతిమాలి కింద దాచిపెట్టించిన సంగతి వచ్చేసరికి ఆమె పెదవి చివర నవ్వు కనిపించింది. ఇక అక్కడ నా పని లేదు. చెప్పులు వేసుకుని, తలుపు మెల్లగా దగ్గరకు వేసి వచ్చేశాను.

ఇలాంటి రోజుల్లో దారి పొడవునా అత్తకు చెప్పాల్సినవి పోగవుతూ ఉంటాయి. ఆ అమ్మాయి ఎలా రుద్దిందో, ఏ మాట అన్నదో, అబ్బాయి మెడ ఎలా ఎర్రబడిందో. నేను చెప్పింది సరిగ్గా ఉందా, ఇంకొంచెం ఆగి ఉండాల్సిందా అని అడగాలనిపిస్తుంది. ఈ పనిలో నాకంటే పెద్దవాళ్ళు నాకిప్పుడు ఎవరూ లేరు. జనం నన్ను అడుగుతారు, నేను అడగడానికి మనిషి లేదు. ఆమె పోయి ఇన్నేళ్ళయినా ఆ అడగాలన్న కోరిక మాత్రం తగ్గలేదు.

ఆ రోజు కూడా ఇంటికి వచ్చి తలుపు తీస్తూనే "అత్తా" అని సగం పిలిచాను. లోపలి నుంచి నా కూతురు ఏంటమ్మా అని అడిగింది. ఏమీ లేదన్నాను. కాళ్ళు కడుక్కుని వచ్చి, ఆమె పక్కన కూర్చుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.